నాలుగు నెలల కుక్కపిల్లకు పళ్లు మారేటప్పుడు: బొక్కలు, బోరు నీళ్లు, జంట కోరలు

మీరు అడిగిన సంగతులు ముందు ఒకచోట పెట్టుకుందాం. నల్లగొండలో మీ ఇంట్లో నాలుగు నెలల లాబ్రడార్ పిల్ల ఉంది. కొన్నాళ్లుగా చెప్పులు, మంచం కోళ్లు, చేతులు, ఏది దొరికితే అది కొరుకుతోంది. బొమ్మ మీద రక్తపు మరక చూశారు, చాప మీద చిన్న పన్ను దొరికింది. మటన్ బొక్క వేస్తే పళ్లు గట్టిపడతాయని పక్కింటివాళ్లు చెప్పారు. నిన్నటి నుంచి విరేచనాలు పలుచగా అవుతుంటే అది పళ్ల వేడేనని కూడా వాళ్లే అన్నారు. ఆడుకుంటుంటే మీ పాప చేతి మీద పంటి గీతలు పడ్డాయి, నానమ్మ పసుపు పెట్టింది. తాగడానికి బోరు నీళ్లు పోస్తున్నారు. పళ్లకు బ్రష్ ఇప్పుడే మొదలుపెట్టాలా అని కూడా అడిగారు. మహబూబ్‌నగర్‌లో మీ అక్క వాళ్ల ఏడు నెలల పామేరియన్‌కు కోరలు జంటగా ఉన్నాయి, వాటంతట అవే ఊడతాయా అన్నది చివరి ప్రశ్న.

నేను పశువైద్యుడిని. దేవరకొండ, మర్రిగూడ వైపు పశువుల దవాఖానల్లో చాలా ఏళ్లు పనిచేశాను, ఇప్పుడు టౌన్‌లో ఎక్కువగా కుక్కలనే చూస్తున్నాను. పళ్లు మారడం దానంతట అది జరిగిపోయే పని. ఆ రెండు మూడు నెలల్లో పిల్లకు నష్టం జరిగితే అది దాదాపు ఎప్పుడూ మనం దాని నోట్లో పెట్టిన వస్తువు వల్లో, పళ్ల పేరు చెప్పి వదిలేసిన జబ్బు వల్లో జరుగుతుంది. అందుకే మీరు అడిగిన వరుసలో కాకుండా, ఆగకూడని వాటితో మొదలుపెడతాను.

విరేచనాలు పళ్ల వల్ల రావు. చంటిపిల్లల విషయంలో మన ఇళ్లల్లో ఉన్న నమ్మకాన్నే కుక్కపిల్లకూ వర్తింపజేస్తున్నారు. పళ్లు మారేటప్పుడు చిగుళ్లు సలుపుతాయి, చొంగ కాస్త ఎక్కువ కారుతుంది, గట్టి తిండి ఒకటి రెండు పూటలు వదిలేయొచ్చు. అంతవరకే. జ్వరం, వాంతులు, విరేచనాలు, ముడుచుకుని పడుకోవడం ఉంటే వేరే కారణం వెతకాల్సిందే. ఈ వయసులో మొదట భయపడాల్సింది పార్వో వైరస్‌కు. ముందు తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు, ఆ తర్వాత నీళ్ల విరేచనాలు, అందులో రక్తం, భరించలేని వాసన. ఒంట్లో నీరు తగ్గిపోయి ఒకటి రెండు రోజుల్లోనే పిల్ల చేయి దాటిపోతుంది. మీ పిల్ల హుషారుగా ఉండి, తింటూ, విరేచనం కొంచెం పలుచగా మాత్రమే ఉంటే అది తిండి మార్పు కావొచ్చు, నులిపురుగులు కావొచ్చు, నమిలి మింగిన చెప్పు ముక్క కూడా కావొచ్చు. అయినా టీకాలు పూర్తి కాని పిల్ల అయితే రేపటి దాకా చూద్దామని అనుకోవద్దు. వాంతి ఒక్కసారైనా అయితే ఇవాళే తీసుకెళ్లండి.

టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున, పిల్లకు పదహారు వారాలు నిండేదాకా పార్వో టీకాలు, డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బు టీకాలు పడాలి. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లు టీకాను పనిచేయనీయదు, అది ఎప్పుడు తగ్గుతుందో బయటకు కనిపించదు. అందుకే అన్నిసార్లు వేస్తాం. ఒక్క సూది వేయించి అయిపోయిందనుకున్న పిల్లలే పార్వోతో ఎక్కువగా నా దగ్గరికి వస్తున్నాయి.

పళ్ల పేరు మీద దాటిపోయే జబ్బులు ఇంకా ఉన్నాయి. దవడ టకటకా కొట్టుకుంటూ, ఏమీ లేకుండానే ఏదో నములుతున్నట్టు చేస్తూ, నురగ కారుస్తుంటే అది డిస్టెంపర్‌లో వచ్చే ఫిట్స్ కావొచ్చు. కళ్లలో పుసి, ముక్కులో చీమిడి దానికి ముందే కనిపిస్తాయి. చిగుళ్లు గులాబీ రంగు పోయి తెల్లబడితే పిడుదుల వల్ల వచ్చే జ్వరం రక్తాన్ని తగ్గిస్తోందో, నులిపురుగులు రక్తం తాగేస్తున్నాయో అయి ఉండొచ్చు. ఒక మాట గట్టిగా చెప్పాలి. కింది దవడ వేలాడేసి, చొంగ ఆగకుండా కారుతూ, మింగలేకపోతున్న పిల్లను చూసి గొంతులో బొక్క ఇరుక్కుందేమో, పన్ను కదిలిందేమో అని చేయి పెట్టొద్దు. రేబిస్ ఆ రూపంలోనూ వస్తుంది. ముఖ్యంగా వీధిలోంచి తెచ్చుకున్న పిల్ల అయితే, ఈ మధ్య ఏదైనా కుక్క కరిచిన పిల్ల అయితే, దాన్ని ఒక గదిలో ఉంచి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఇదే వరుసలో పాప చేతి సంగతి. పాల పళ్లు చాలా వాడి, ఆటలో తగిలినా తోలు లేస్తుంది. తోలు లేచిన చోట సబ్బు పెట్టి, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. తర్వాత సర్కారు దవాఖానకు తీసుకెళ్లండి, రేబిస్ టీకా అక్కడ ఉచితంగానే వేస్తారు. ఇంట్లో పెంచుకునే చిన్న పిల్లే కదా అని మీకు అనిపించొచ్చు. కుక్కపిల్లకు మొదటి రేబిస్ టీకా మూడు నెలలకు వేస్తాం, దాని బలం ఒంటికి పట్టడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మీ పిల్లకు ఇప్పుడే నాలుగు నెలలు. అంటే టీకా పడి ఉన్నా నిన్నా మొన్నటి దాకా దానికి పూర్తి రక్షణ లేనట్టే. ఎన్ని సూదులు కావాలో, కుక్కను పది రోజులు గమనించి మధ్యలో ఆపొచ్చో అక్కడి డాక్టర్ చెప్తారు, ఆ నిర్ణయం మీరు ఇంట్లో తీసుకోవద్దు. పిల్లకు ఇంకా రేబిస్ టీకా వేయించకపోతే వెంటనే వేయించండి. ఏటా జూలై 6న, జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం రోజు, పశువుల దవాఖానల్లో ఉచితంగా వేస్తారు కానీ ఆ తేదీ కోసం ఆగొద్దు.

ఇక అసలు పళ్ల సంగతికి వద్దాం. కుక్కపిల్లకు 28 పాల పళ్లు ఉంటాయి. మూడో వారం నుంచి మొదలై రెండు నెలలు నిండేలోపు అన్నీ వచ్చేస్తాయి. పెద్దయ్యాక వాటి స్థానంలో, వాటి వెనుక కలిపి 42 వస్తాయి. చివరి దవడ పళ్లకు ముందు పాల పళ్లేమీ ఉండవు, అవి నేరుగా శాశ్వత పళ్లుగానే మొలుస్తాయి. మూడున్నర, నాలుగు నెలలప్పుడు ముందరి చిన్న పళ్లు ఊడతాయి. అయిదు ఆరు నెలల మధ్య కోరలు, వాటి వెనక పళ్లు మారతాయి. ఏడు నెలలకల్లా లెక్క పూర్తవుతుంది. మీ పిల్ల వయసు ప్రకారం అంతా సరిగ్గానే నడుస్తోంది.

చాప మీద దొరికిన ఆ పన్నును ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. వేరు ఉండదు, లోపల డొల్లగా ఉంటుంది. కింద నుంచి కొత్త పన్ను తోసుకొస్తున్నప్పుడు పాల పన్ను వేరు కొంచెం కొంచెంగా కరిగిపోతుంది, చివరికి పైముక్క మాత్రమే చిగురును పట్టుకుని ఉండి, ఏదైనా నమిలినప్పుడు ఊడిపోతుంది. బొమ్మ మీద రక్తపు చుక్క పడేది అప్పుడే. చాలా పళ్లను పిల్ల మింగేస్తుంది, దాని వల్ల ఏ నష్టమూ లేదు. కదులుతున్న పన్నును మీరు లాగొద్దు. లాగుడు ఆటలు, అంటే గుడ్డ ఒక కొస మీరు పట్టుకుని ఇంకో కొస దాని నోట్లో పెట్టి గుంజడం, ఈ రెండు నెలలు ఆపేయండి. వేరు సగమే కరిగిన పన్ను విరిగితే లోపలి నరం బయటపడుతుంది, అక్కడి చీము కింద తయారవుతున్న కొత్త పన్ను దాకా పోతుంది. అందుకే విరిగిన పాల పన్నును ఎలాగూ ఊడేదే కదా అని వదిలేయకూడదు, డాక్టర్‌తో తీయించాలి.

బొక్కల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇది ప్రేమతో చేసే పని. ఆదివారం మటన్ అయ్యాక నల్లి బొక్క, పాయ చేసుకున్నాక మిగిలిన కాళ్ల బొక్కలు కుక్కకు వేయకపోతే ఏదో లోటుగా అనిపిస్తుంది. అయిదారు నెలలకు పై దవడలో రెండు పక్కలా ఒక పెద్ద పన్ను వస్తుంది. కుక్క కొరికి కోసేది, పగలగొట్టేది దానితోనే. కొత్తగా వచ్చిన పంటికి బయటి గోడ పలుచగా ఉంటుంది, లోపలి నరం గది పెద్దగా ఉంటుంది. బయటకు పెద్ద పన్నులా కనిపించినా గోడ మందం పెరగడానికి నెలలు పడుతుంది. ఆ పంటితో నల్లి బొక్కను గట్టిగా కొరికితే బొక్కకు బదులు పన్ను పక్క చీలిపోతుంది. ఆ రోజు పిల్ల ఏమీ చూపించదు, తింటూనే ఉంటుంది. నెలల తర్వాత కంటి కింద వాపు వచ్చి, పగిలి, చీము కారుతుంటే కంటి జబ్బు అనుకుని తీసుకొస్తారు. పెదవి ఎత్తి చూస్తే చీలిన పన్ను అక్కడే ఉంటుంది.

కోడి బొక్కలది వేరే ప్రమాదం. ఉడికిన కోడి బొక్క నిలువుగా, మొనలుగా చీలుతుంది, పేగుకు చిల్లు పెడుతుంది. ఒక్కోసారి అంగిలి కింద, రెండు దవడ పళ్ల మధ్య అడ్డంగా ఇరుక్కుంటుంది. అప్పుడు పిల్ల ముందు కాళ్లతో మూతిని పిచ్చిపట్టినట్టు గీరుకుంటుంది. షాపుల్లో అమ్మే ఎండు గిట్టలు, కొమ్ము ముక్కలు కూడా నల్లి బొక్కంత గట్టివే, వద్దు. నొక్కి చేసిన తోలు బొక్కలు నానాక సాగిపోతాయి, లాబ్రడార్ లాంటి ఆత్రపు జాతి వాటిని నమలకుండా మింగుతుంది, పేగులో అడ్డం పడతాయి.

ఏది ఇవ్వొచ్చో తేల్చుకోవడానికి మీ బొటనవేలి గోరు చాలు. వస్తువు మీద గోరుతో గట్టిగా నొక్కండి. కొంచెం గుంట పడితే ఇవ్వొచ్చు, గోరే నొప్పి పుడితే ఇవ్వొద్దు. లోపల ఖాళీ ఉన్న గట్టి రబ్బరు బొమ్మలు దొరుకుతాయి, అందులో పెరుగు నింపి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే అరగంట దాని ప్రపంచం అదే. ఖర్చు వద్దనుకుంటే పాత నూలు టవల్‌ను తడిపి, మెలిపెట్టి, ముడేసి, ఫ్రీజర్‌లో పెట్టండి. చల్లదనానికి చిగురు వాపు తగ్గుతుంది, మన ఎండాకాలంలో దానికి రెండింతల సుఖం. పోగులు ఊడటం మొదలైతే ఆ గుడ్డ పారేయండి, మింగిన దారం పేగుల్ని ముడతలు పెట్టి కోసేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన లావు క్యారెట్ మంచిదే. మీరు పక్కన ఉన్నప్పుడే ఇచ్చి, మింగేంత చిన్నదయ్యాక తీసేయండి. పెద్ద ఐస్ గడ్డలు వద్దు, అవీ పళ్లు పగలగొడతాయి. బంతి ఇస్తే దాని గొంతులోకి జారనంత పెద్దది ఇవ్వండి. పాత చెప్పు ఇచ్చి సరిపెట్టకండి, పాత చెప్పుకూ కొత్త చెప్పుకూ తేడా దానికి తెలియదు.

కొరికే వయసులో ఇంటి చుట్టూ ఏముందో కూడా చూసుకోవాలి. ఛార్జర్ వైర్ల గురించి అందరికీ తెలుసు. మన జిల్లాలో పత్తి వేసే ఇళ్లల్లో నాకు అంతకన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేవి మందు డబ్బాలు. కొట్టం మూలలో పడేసిన ఖాళీ పురుగుమందు డబ్బా, గుళికల సంచి, ఎలుకల మందు బిళ్ల కుక్కపిల్లకు నమిలే వస్తువులే. ఖాళీ డబ్బా మూతకు అంటిన మందు చాలు. నోటి నుంచి నురగ, కళ్లలో నీళ్లు, కండరాలు అదురుతూ ఉండటం, కాళ్లు తడబడటం మొదలైతే క్షణం ఆగొద్దు. పాలు పోయడం, ఉప్పు నీళ్లతో కక్కించడం చేయకుండా దగ్గర్లోని పశువుల దవాఖానకు పరుగెత్తండి, డబ్బా మీది లేబుల్ వెంట తీసుకెళ్లండి. ఏ రకం మందో తెలిస్తే విరుగుడు వెంటనే మొదలుపెట్టగలం. పెరట్లో గన్నేరు చెట్టు, ఆముదం గింజలు ఉంటే పిల్లను అటు పోనీయకండి. గుట్కా ప్యాకెట్లు, బీడీ ముక్కలు కూడా విషమే.

నొప్పికి మందులు అడుగుతారు చాలామంది. మామూలు పళ్ల మార్పుకు మందు అవసరం లేదు. మనం వేసుకునే పారాసిటమాల్, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఏవీ వేయొద్దు. చిన్న పిల్ల ఒంటికి ఒక గోళీ చాలు కడుపులో పుండ్లు పడటానికి, కాలేయమో మూత్రపిండాలో దెబ్బతినడానికి. చంటిపిల్లల చిగుళ్లకు రాసే తిమ్మిరి జెల్ కూడా వద్దు, అందులో ఉండే బెంజోకెయిన్ రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. లవంగ నూనె, జిందా తిలిస్మాత్, కర్పూరం కలిపిన నూనెలు చిగుళ్లకు రాయకండి. కుక్కపిల్ల ఉమ్మేయదు, మొత్తం మింగుతుంది. ఫర్నిచర్ కొరకకుండా కారం పూసేవాళ్లున్నారు. పుండుగా ఉన్న చిగుళ్ల మీద కారం పడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. మంచం కోళ్లకు గోనె గుడ్డ చుట్టి, పిల్ల ముందు చల్లటి బొమ్మ పెట్టండి.

ఇప్పుడు నీళ్ల గురించి. నల్లగొండలో ఉండి పళ్ల గురించి మాట్లాడుతూ ఇది చెప్పకపోతే నా సమాధానం సగమే. మన నేల గ్రానైటు నేల. ఆ రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ నీటిలో కరుగుతుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లు తాగి పళ్లు గార పట్టి, ఎముకలు వంగిపోయిన మనుషుల్ని మనమంతా చూశాం. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఆ ఊళ్లలో నేను పశువుల్లోనూ ఇదే చూశాను, పళ్లు అరిగి మొద్దుబారిపోయి గడ్డి నమల్లేని ఎడ్లు, కీళ్లు బిగుసుకుపోయి లేవలేని బర్రెలు. కుక్క ఒళ్లు ఇందుకు మినహాయింపు ఏమీ కాదు.

కుక్కపిల్ల విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది వయసు. శాశ్వత పళ్ల పైపూత, అంటే ఎనామెల్, చిగురు లోపల తయారయ్యేది పుట్టిన మొదటి మూడు నాలుగు నెలల్లోనే. పన్ను మనకు కనిపించే సమయానికి దాని పైపూత ఎప్పుడో పూర్తయి ఉంటుంది. ఆ నెలల్లో ఒంట్లోకి ఎక్కువ ఫ్లోరైడ్ వెళ్తే పూత సరిగ్గా గట్టిపడదు, సున్నం రంగు మచ్చలతో, తర్వాత గోధుమ రంగు చారలతో పన్ను బయటకు వస్తుంది. రుద్దితే పోయే మచ్చ కాదది. అదే వయసులో డిస్టెంపర్ వచ్చి బతికిన పిల్లలకు కూడా పూత గుంటలు పడి ఉంటుంది. కొన్ని యాంటీబయాటిక్స్, ముఖ్యంగా టెట్రాసైక్లిన్ రకం, ఆ వయసులో వాడితే పళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. మందుల షాపులో అడిగి తెచ్చి వేయొద్దని చెప్పేది అందుకే. పిడుదుల జ్వరం ప్రాణం మీదికి వచ్చినప్పుడు డాక్టర్ అదే కుటుంబంలోని డాక్సీసైక్లిన్ రాస్తే మాత్రం వాడాల్సిందే, పళ్ల రంగు కన్నా ప్రాణం ముఖ్యం, పైగా అది పళ్లను పట్టుకునేది తక్కువ.

మీ పిల్లకు నాలుగు నెలలు వచ్చేశాయి కాబట్టి పళ్ల పూత దాదాపు తయారైపోయింది. అయినా ఇవాళ్టి నుంచి బోరు నీళ్లు మాన్పించండి, ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి, ఫ్లోరైడ్ చేరేది వాటిలోకే. మీరు తాగే నీళ్లే దానికీ పోయండి, నల్లాలో వచ్చే భగీరథ నీళ్లు కానీ ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు కానీ. ఇంట్లో మనుషులకు క్యాన్ నీళ్లు, కుక్క గిన్నెకు బోరు నీళ్లు అనే పద్ధతి చాలా ఇళ్లల్లో ఉంది. దాని అన్నం కూడా బోరు నీళ్లతోనే వండుతారు. రెండూ మార్చండి. కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసింది, దానికి మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. కానీ మోతాదు నీటి పరీక్షను బట్టి ఉంటుంది, ఇంట్లో ఉజ్జాయింపుగా చేసే పని కాదు. రేపు మీ పిల్ల తల్లయ్యి ఇంట్లోనే ఈనితే అప్పుడు మొదటి రోజు నుంచే ఈ జాగ్రత్త పాటించండి, పిల్లల పళ్ల మీద అసలు ఫలితం అప్పుడు కనిపిస్తుంది.

తిండి విషయం కొంచెమే చెప్తాను. పెరుగన్నం ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు, మాంసం ఒక్కటే పెడితే కాల్షియం చాలదు. ఒట్టి మాంసం మీద పెరిగిన పిల్లల్లో శరీరం ఎముకల నుంచే కాల్షియం లాగేసుకుంటుంది, దవడ ఎముక మెత్తబడి పళ్లు వదులవుతాయి. పెద్ద జాతి పిల్లల కోసం తయారుచేసిన పప్పీ ఫుడ్ పెడుతున్నట్లయితే దాని మీద కాల్షియం సిరప్ వేయకండి. లాబ్రడార్‌కు ఎక్కువైన కాల్షియం కీళ్లను పాడుచేస్తుంది. చిగుళ్లు సలిపే రోజుల్లో ఆ గింజల్ని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి పెట్టండి, మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టాక పొడిగానే ఇవ్వండి. ఇంటి తిండే పెడతానంటే అన్నమో జొన్న రొట్టో, గుడ్డు, బొక్కలు తీసిన చికెన్, ఎంతెంత పెట్టాలో ఒకసారి డాక్టర్‌తో కూర్చుని రాయించుకోండి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర మాత్రం వద్దు.

చేతులు కొరకడం మాన్పించడానికి మూతి మీద కొట్టొద్దు. కొడితే చేయి అంటే భయం పుడుతుంది, రేపు పళ్లు చూడటానికి నోరు తెరవనివ్వదు. పన్ను తగలగానే ఆట అక్కడే ఆపేసి, చేయి వెనక్కి తీసుకుని, అర నిమిషం దాన్ని పట్టించుకోకండి. తర్వాత నోటికి బొమ్మ అందించండి. ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి, ఒకరు ఆపి ఇంకొకరు చేతితో ఆడిస్తే దానికి ఏమీ అర్థం కాదు. సాయంత్రం పూట పిచ్చిగా కొరుకుతుంటే చాలాసార్లు కారణం నిద్ర చాలకపోవడమే. ఈ వయసులో రోజులో ఎక్కువ భాగం అది నిద్రపోవాలి. పాప స్కూల్ నుంచి వచ్చాక పిల్లను నిద్ర లేపకుండా చూడండి.

బ్రష్ ఇప్పుడే మొదలుపెట్టాలా అన్నారు. ఇప్పుడు అలవాటు మాత్రమే చేయండి. రోజూ ఒకసారి పెదవి ఎత్తి, తడి గుడ్డ చుట్టిన వేలితో పళ్ల బయటి వైపు మెల్లగా తుడిచి, వెంటనే ఒక గింజ తినిపించండి. ఎర్రగా ఉబ్బిన చోటు ముట్టుకోవద్దు. ఏడు నెలలకు పళ్లన్నీ వచ్చాక మెత్తటి బ్రష్, కుక్కల పేస్ట్ వాడండి. మన పేస్ట్ వద్దు, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, కొన్నింటిలో జైలిటాల్ ఉంటుంది, అది కుక్క రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడేస్తుంది. బొగ్గు, ఉప్పు, కచ్చిక పొడి పైపూతను గీకేస్తాయి.

మీ అక్క వాళ్ల పామేరియన్‌కు వద్దాం. ఇది మీ పిల్ల పళ్ల కన్నా తొందరగా చూడాల్సిన విషయం. పాల కోర, కొత్త కోర ఒకే చోట పక్కపక్కన ఉండటం చిన్న జాతుల్లో, పామేరియన్, షిట్జు, చివావా లాంటి వాటిలో, తరచూ కనిపిస్తుంది. ఏడు నెలలకు కూడా ఊడని పాల కోర ఇక దానంతట అది ఊడుతుందని ఎదురుచూడొద్దు. పెదవి పక్కకు ఎత్తి చూడమనండి. సన్నగా, సూదిలా, ఎక్కువ వంపు తిరిగి ఉన్నది పాలది. లావుగా ఉన్నది కొత్తది. పై దవడలో కొత్త కోర పాల కోరకు ముందు వైపున వస్తుంది, కింది దవడలో లోపలి వైపున వస్తుంది. కింది దవడదే ఎక్కువ ఇబ్బంది. పాలది దారి వదలకపోతే కొత్త కోర నాలుక వైపుకే వంగి పెరిగి, నోరు మూసినప్పుడల్లా దాని మొన అంగిట్లో గుచ్చుకుంటుంది. అంగిలి మీద చిన్న గుంట కానీ పుండు కానీ ఉందేమో చూడమనండి. రెండు పళ్ల సందున వెంట్రుకలు, తిండి ఇరుక్కుని నెలల్లోనే గార పట్టడం, చిగురు జారడం కూడా మొదలవుతాయి.

దాన్ని తీయించాలి. ఇంట్లో పట్టకారుతో కానీ, కుక్కలు అమ్మే వాళ్లతో కానీ తీయించొద్దు. పాల కోర వేరు బయట కనిపించే భాగం కన్నా పొడవుగా ఉంటుంది. తిప్పి లాగితే పైముక్క విరిగి వేరు లోపలే మిగిలిపోతుంది, లేదా పక్కనే ఉన్న కొత్త కోర దెబ్బతింటుంది. పూర్తి మత్తులో, చిగురును విడదీసి, వేరు చుట్టూ పట్టు వదిలించి తీయాల్సిన పని. మహబూబ్‌నగర్‌లో వాళ్లు చూపించుకునే డాక్టర్ దగ్గర గ్యాస్ మత్తు, పళ్ల ఎక్స్‌రే సౌకర్యం లేకపోతే రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. ఆడకుక్క అయి, గర్భసంచి ఆపరేషన్ కూడా ఎలాగూ చేయించాలనుకుంటే రెండూ ఒకే మత్తులో అయిపోతాయా అని అడగొచ్చు. కానీ కింది కోర ఇప్పటికే అంగిట్లో గుచ్చుకుంటుంటే ఆ ఆపరేషన్ కోసం పళ్ల పని వాయిదా వేయొద్దు. పిల్ల పెరుగుతున్నన్నాళ్లే అడ్డు తీసేస్తే కొత్త కోర దానంతట అది సరైన చోటికి జరిగే అవకాశం ఉంటుంది.

తీసిన తర్వాత ఆ పన్నును చూపించమని అడగమనండి. పొడవాటి వేరు కొస దాకా నున్నగా, విరగకుండా ఉండాలి. కొస విరిగి ఉంటే మిగిలిన ముక్క లోపల ఉందేమో ఎక్స్‌రేలో చూశారా అని అక్కడే అడగాలి. కుట్లు కరిగేదాకా మెత్తటి తిండి పెట్టాలి, నమిలే బొమ్మలు పక్కన పెట్టాలి. మీ లాబ్రడార్‌కు మాత్రం ఆరు నెలలు నిండాక ఒకసారి, ఏడు నెలలకు ఒకసారి ఇదే విధంగా పెదవి ఎత్తి నాలుగు కోరలూ చూడండి. ఎక్కడైనా రెండు కనిపిస్తే పక్క నుంచి వెలుతురులో ఫోటో తీసి మీ డాక్టర్‌కు పంపండి.